పాటల పెట్టె: పోస్టులో తిరిగిన పది పాటలు

పోయిన నెల ఈ పేజీలో ‘ది పోస్టల్ సర్వీస్’ అనే అమెరికన్ బ్యాండు గురించి నాలుగు ముక్కలు రాశాను. ఒకడు లాస్ ఏంజిలెస్‌లో, ఇంకొకడు సియాటిల్‌లో ఉండి, టేపులు పోస్టులో పంపుకుంటూ ‘గివ్ అప్’ అనే ఎలక్ట్రానిక్ పాప్ ఆల్బం చేశారనీ, అది 2003 ఫిబ్రవరిలో వచ్చిందనీ, వాళ్ల మొదటి ఆల్బమూ చివరి ఆల్బమూ అదేననీ రాశాను. నిజం చెప్పొద్దూ, ఎవరు చదువుతార్లే అనుకునే రాశాను. తీరా చూస్తే ఘంటసాల మీద రాసిన నెలలో వచ్చిన ఉత్తరాల కంటే దీనికే ఎక్కువ వచ్చాయి. ఘంటసాల అభిమానులు క్షమించాలి, ఇందులో నా తప్పేం లేదు. ఇద్దరు ముగ్గురు పేర్లు వేయొద్దన్నారు కాబట్టి అందరికీ ఊరి పేర్లే వేస్తున్నాను.

ప్ర: నేను హైదరాబాద్‌లో ఉంటాను, నా ఫ్రెండ్ విశాఖపట్నంలో. ఇద్దరం ల్యాప్‌టాప్ మీద ఎలక్ట్రానిక్ పాటలు చేస్తాం. నేనొక బీట్ పంపిస్తే పది నిమిషాల్లో ‘అది తీసెయ్, ఇది పెంచు’ అని వాడి వాయిస్ మెసేజ్ వస్తుంది. వాడు ట్యూన్ పంపితే నేనూ అంతే. ఎనిమిది నెలలైంది, ఒక్క పాటా పూర్తి కాలేదు. ఒకచోట కూర్చోకపోతే బ్యాండ్ అన్నది కుదరదని వాడంటాడు. మరి వాళ్లకెలా కుదిరింది? (హైదరాబాద్)

జ: తమ్ముడూ, సియాటిల్‌కీ లాస్ ఏంజిలెస్‌కీ మధ్య రోడ్డు మీద దాదాపు 1,800 కిలోమీటర్లు. మీ ఇద్దరి మధ్య దూరానికి దాదాపు మూడింతలు. కాబట్టి దూరాన్ని తిట్టకండి. మిమ్మల్ని చెడగొడుతున్నది ఆ పది నిమిషాలు.

వాళ్ల పద్ధతి ఇదీ. జిమ్మీ టాంబొరెల్లో ‘డిన్‌టెల్’ అనే పేరుతో లాస్ ఏంజిలెస్‌లో ఒంటరిగా ఎలక్ట్రానిక్ సంగీతం చేసుకునేవాడు. బెన్ గిబ్బార్డ్ ‘డెత్ క్యాబ్ ఫర్ క్యూటీ’ అనే గిటార్ బ్యాండులో గాయకుడు. 2001లో డిన్‌టెల్ ఆల్బం కోసం ఇద్దరూ కలిసి ఒక పాట చేశారు. అది బాగా కుదిరింది, ఇంకొన్ని చేద్దామనుకున్నారు. జిమ్మీ బీట్లూ సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) వరసలూ అన్నీ పేర్చి, వాయిద్యాల భాగం తయారుచేసి, డ్యాట్ టేపు మీద ఎక్కించి పోస్టులో పంపేవాడు. డ్యాట్ అంటే డిజిటల్ ఆడియో టేపు. మామూలు క్యాసెట్ కంటే చిన్నది, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. అది చేతికందాక గిబ్బార్డ్ తనకు నచ్చినట్టు కత్తిరించుకుని, ముందూ వెనకా మార్చుకుని, మాట రాసుకుని, పాడి, తిరిగి పంపేవాడు. బ్యాండుకి ఆ పేరు రావడానికి కారణమూ ఇదే.

ఇక్కడ మా షాపు సంగతి ఒకటి చెప్పాలి. కొత్త పాఠకులకు తెలియదేమో, నాకు రాజమండ్రి కోటగుమ్మం దగ్గర క్యాసెట్ రికార్డింగ్ షాపు ఉండేది. కాగితం మీద పాటల లిస్టు రాసి, ఖాళీ క్యాసెట్ ఇస్తే రెండు రోజుల్లో ఎక్కించి ఇచ్చేవాణ్ణి. ఇప్పుడైతే దాన్ని పైరసీ అంటారు. అప్పట్లో షాపు అనేవాళ్లం.

గల్ఫ్‌కి వెళ్లినవాళ్ల ఇళ్ల నుంచి వేరే పని మీద వచ్చేవాళ్లు. ఉత్తరం రాయడం రాక కొందరు, రాసినా తీరక కొందరు, మాటలు క్యాసెట్‌లో రికార్డు చేసి, సెలవయ్యి తిరిగి వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. ఒకసారి కోనసీమ నుంచి ఒకామె పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చింది. భర్త కువైట్‌లో. మైకు ముందు కూర్చోబెట్టి బటన్ నొక్కాను. రెండు మాటలు చెప్పడం, ఆగడం, నా మొహంలోకి చూసి ‘ఇంకేం చెప్పాలండీ’ అనడం. నేనేదో అందించడం, ఆమె అది కాదనడం. పావుగంటలో రెండు నిమిషాల టేపు కూడా నిండలేదు. చివరికి ‘అమ్మా, ఈ వైపు ముప్పై నిమిషాలు వస్తుంది, అయిపోయాక టక్ మని అదే ఆగిపోతుంది’ అని చెప్పి, షట్టరు సగం దించేసి, ఎదురుగా టీ కొట్టు దగ్గరికి పోయాను. వచ్చేసరికి డెక్కు ఆగిపోయి ఉంది, ఆమె కళ్లు తుడుచుకుంటోంది, పిల్లాడు రెండో ఎక్కం చెబుతున్నాడు. టేపు ఇంకా నడుస్తోందనుకున్నట్టున్నాడు.

నేను పక్కన నిలబడి మాట అందించినంతసేపూ ఆమెకు మాట రాలేదు. టాంబొరెల్లో కూడా గిబ్బార్డ్ పక్కన నిలబడి లేడు. బీట్ నచ్చకపోతే గిబ్బార్డ్ ‘ఇది తీసెయ్’ అని మెసేజ్ పెట్టలేడు. తనే తీసెయ్యాలి, తీసిన చోట ఇంకేదో పెట్టాలి, అప్పుడే తిరిగి పోస్టు చెయ్యాలి. ఆ ఆల్బంలో ప్రతి పాటా ఎవరో ఒకరు చివరిదాకా కానిచ్చి పంపిందే.

కాబట్టి మీరు చెయ్యాల్సింది: వారానికి ఒక్కసారే ఫైలు మారాలి, ఆదివారం అనుకోండి. మధ్యలో వాయిస్ మెసేజ్‌లు బంద్. పంపేటప్పుడు అన్నీ కలిపిన ఒక్క ఫైలు కాకుండా డ్రమ్స్ వేరుగా, బాస్ వేరుగా, సింథ్ వేరుగా పంపండి. అన్నీ పాట మొదలు సున్నా సెకను నుంచే ఉండాలి, లేకపోతే అవతల వాడు వాటిని అతికించుకోవడానికే శనివారం అయిపోతుంది. బీపీఎం (నిమిషానికి ఎన్ని దరువులో) ఎంతో, శ్రుతి ఏదో ఫైలు పేరులోనే రాయండి. ఫైలు ఎవరి దగ్గరుంటే ఆ వారం పాట వాడిది, ఏమైనా చేసుకోవచ్చు. నచ్చకపోతే మీ వారం వచ్చేదాకా ఆగండి. ఆగితే సగం అభ్యంతరాలు మీకే గుర్తుండవు.

ప్ర: పోస్టాఫీసు వాళ్లు ఆ బ్యాండు మీద కేసు పెట్టారని మా అబ్బాయి చెప్పాడు. నేను సబ్ పోస్ట్‌మాస్టర్‌గా రిటైరయ్యాను. నమ్మశక్యంగా లేదు. (నరసాపురం)

జ: నమ్మండి సార్. అయితే కోర్టుదాకా పోలేదు, నోటీసు దగ్గరే ఆగింది. 2003 ఆగస్టులో అమెరికా పోస్టల్ శాఖ వాళ్లు ‘పోస్టల్ సర్వీస్ అనేది మా ట్రేడ్‌మార్కు, ఆ పేరు వాడటం మానండి’ అని నోటీసు పంపారు. ఆల్బం వచ్చి అప్పటికి ఆరు నెలలు. కుర్రాళ్లకీ, సబ్ పాప్ అనే వాళ్ల రికార్డు కంపెనీకీ టెన్షన్ మొదలైంది. పేరు మారిస్తే అప్పటికి అమ్ముడైన సీడీలన్నీ ఎవరివో అయిపోతాయి మరి.

తరువాత జరిగింది మీకు బాగా నచ్చుతుంది. మాటలు నడిచాయి, రాజీ కుదిరింది. పేరు వాడుకోండి, బదులుగా పోస్టులో ఉత్తరాలు పంపుకోవడాన్ని కాస్త ప్రచారం చెయ్యండి, మా పెద్దాఫీసర్ల వార్షిక సమావేశంలో వచ్చి పాడండి అన్నారు. 2004 నవంబరులో సంగతి పేపర్లకెక్కింది. ఆ సీడీని పోస్టల్ శాఖ తన వెబ్‌సైట్‌లోనే అమ్మకానికి పెట్టింది. స్టాంపుల పక్కన పాప్ ఆల్బం. ఈ-మెయిల్ వచ్చి ఉత్తరాలు పడిపోతున్న రోజుల్లో, పాతికేళ్ల కుర్రాళ్లు ఇష్టపడి పోస్టును వాడుకుని, దాని పేరే పెట్టుకుంటే అంతకన్నా మంచి ఉచిత ప్రకటన ఏముంటుంది? నోటీసు పంపింది లాయర్లు, రాజీ చేసింది మాత్రం ఎవరో తెలివైన ఆఫీసరై ఉంటాడని నా ఊహ. మీలాంటివాడే.

దీనికో కొసమెరుపు ఉంది. ‘సచ్ గ్రేట్ హైట్స్’ అనే వాళ్ల పాట సంగీతాన్ని కొన్నేళ్ల తరువాత టీవీ ప్రకటనల్లో వాడింది ఎవరనుకున్నారు? యూపీఎస్. పోస్టల్ శాఖకి పోటీ కొరియర్ కంపెనీ.

ప్ర: మీ మాట మీద విన్నాను. టిక్కు టిక్కులూ బీప్ బీప్‌లూ తప్ప నాకేం వినపడలేదు. చేత్తో వాయించేవాడు లేకుండా సంగీతమేమిటి? వయసు 71, మృదంగం నేర్చుకున్నవాణ్ణి. (నిజామాబాద్)

జ: ఫోన్ స్పీకర్లో విన్నారు కదూ? అయితే ఆ విన్నది లెక్కలోకి రాదు. మనవడి దగ్గర ఇయర్‌ఫోన్లు తీసుకుని, రెండో పాట ‘సచ్ గ్రేట్ హైట్స్’ మొదటి అరనిమిషం మాత్రం వినండి. ఆ బీప్‌లు ఒకటి ఎడమ చెవిలో, ఒకటి కుడి చెవిలో పడుతుంటాయి. మీకు చెప్పేదేముంది, మృదంగానికి కుడీ ఎడమా ఉన్నట్టే. ఒక వైపు ఇయర్‌ఫోన్ తీసేసి వింటే సగం నడక మాయమవుతుంది.

మొదటి పాట ‘ది డిస్ట్రిక్ట్ స్లీప్స్ అలోన్ టునైట్’ నెమ్మదిగా, భజన మొదలయ్యే ముందు హార్మోనియం పట్టి ఉంచినట్టు మొదలవుతుంది. దాని మీద గొంతు. తాళం ఎప్పుడో గానీ రాదు. వచ్చాక కూడా ఒక్కసారి మీద పడదు, కొద్దికొద్దిగా చేరుతుంది. నన్ను కట్టిపడేసింది అదే. ఎలక్ట్రానిక్ పాట అంటే మొదటి క్షణం నుంచీ డీజే బాక్సులాగా గుండె మీద కొట్టాలనే రూలేమీ లేదని అప్పుడు తెలిసింది.

నాలుగోది ‘నథింగ్ బెటర్’. విడిపోయిన జంట పాట. అతను బతిమాలుతుంటాడు, జెన్ వుడ్ అనే గాయని వచ్చి లెక్కలతో సహా అతని నోరు మూయిస్తుంది. మన నాటకాల్లో కృష్ణుడూ సత్యభామా వాదులాడుకున్నట్టు ఒకరి మాట మీద ఇంకొకరు ఎత్తుకుంటారు. చాలా పాటల్లో వెనక వినిపించే ఇంకో ఆడగొంతు జెన్నీ లూయిస్‌ది. ఈ ఆడగొంతులు లేకపోతే గిబ్బార్డ్ మెత్తటి గొంతు కొంతసేపటికి చప్పిడి పథ్యంలా ఉండేదేమో.

పదీ బాగున్నాయని నేననను. ఎనిమిదో పాట దగ్గర నేను ప్రతిసారీ లేచి కాఫీ పెట్టుకుంటాను. చివరిదైన ‘నేచురల్ యాంథమ్’ దాదాపు అంతా వాయిద్య హోరే, గొంతు చివర్లో వచ్చి కాసేపు ఉండి పోతుంది. మీకది నచ్చదు, ప్రయత్నించకండి. డ్రమ్ చప్పుళ్లు కూడా ఇప్పటి చెవికి పల్చగా, పాత వీడియో గేముల్లోంచి వచ్చినట్టుంటాయి. నాకవి పల్చగా ఉండటమే ఇష్టం. గొంతుకి చోటుంటుంది.

ఇక చేత్తో వాయించడం గురించి. ఆ టిక్కులు వాటంతటవి రాలేదు సార్. ప్రతి టిక్కూ ఎక్కడ పడాలో ఒకడు కూర్చుని, ఒక్కొక్కటిగా పేర్చాడు. మీరు వేళ్లతో చేసేది అతను మౌసుతో చేశాడు. ఎక్కువసేపు పట్టింది, అంతే తేడా. మీరు ఒప్పుకోరని తెలుసు.

ప్ర: ‘ఇండిపెండెంట్’ అంటే సొంత డబ్బులతో చేసుకోవడమేనా? ఎంత సంపాదించారు వాళ్లు? (ఖమ్మం)

జ: సొంత డబ్బే కానక్కర్లేదు. పెద్ద కంపెనీల చేతిలో లేని చిన్న కంపెనీ వేసినా ఇండిపెండెంట్ అనే అంటారు. సియాటిల్‌లోని సబ్ పాప్ 1986లో మొదలైన అలాంటి కంపెనీ. అయితే 1995 నుంచీ అందులో 49 శాతం వార్నర్ అనే పెద్ద కంపెనీ వాళ్లదే. ఆ మిగిలిన 51 శాతంలో ఉంది ఇండిపెండెంటు. మన ఊళ్లో ఉమ్మడి ఇల్లు పంచుకున్నాక మధ్యలో గోడ ఎవరిదని అడిగినట్టుంటుంది ఈ వ్యవహారం.

వాళ్ల జేబులోకి ఎంత వచ్చిందో నన్నడగొద్దు. అమ్మకాలు చెబుతాను. వచ్చిన కొత్తలో అమెరికా టాప్ వందలో కూడా లేదు ఆ ఆల్బం. నోటి మాట మీదే అమ్ముడైంది. ఒకరి కంప్యూటర్ నుంచి ఒకరి కంప్యూటర్‌కి కాపీ అయ్యి కూడా పాకి ఉంటుంది, నేను కాదనను, అది నా వృత్తి. ‘సచ్ గ్రేట్ హైట్స్’ని ఐరన్ అండ్ వైన్ అనే గాయకుడు గిటారు మీద మెల్లగా పాడిన పాట 2004లో ఒక సినిమాలో వచ్చాక ఇంకా పెరిగింది. 2005లో గోల్డ్, అంటే ఐదు లక్షలు. 2012లో ప్లాటినం, అంటే పది లక్షలు. సబ్ పాప్ చరిత్రలో దీనికంటే ఎక్కువ అమ్ముడైంది ఒక్కటే, నిర్వాణా బ్యాండు మొదటి ఆల్బం.

ప్ర: అంత హిట్టయితే రెండో ఆల్బం ఎందుకు చెయ్యలేదు? (తణుకు)

జ: గిబ్బార్డ్ సొంత బ్యాండు ఆల్బం కూడా అదే 2003లో వచ్చి పెద్దదైపోయింది. అతను అటు వెళ్లాడు. జిమ్మీ తన గదిలోకి వెళ్లాడు. 2013లో పదేళ్ల సందర్భంగా రెండు కొత్త పాటలు కలిపి ఆల్బం మళ్లీ వేశారు, ఊళ్లు తిరిగారు, చికాగోలో చివరి కచేరీ అన్నారు. 2023లో ఇరవయ్యేళ్లని మళ్లీ వచ్చారు. ఆ టూరులో రెండు బ్యాండులూ ఒకే రాత్రి, రెండింటికీ గిబ్బార్డే గాయకుడు. మన దగ్గర ఒకే నటుడు తండ్రీ కొడుకుల వేషాలు వేసినట్టు. రెండో ఆల్బం మాత్రం లేదు. లేకపోవడమే మేలని నేననుకుంటాను, తణుకువారు కోప్పడినా సరే.

ప్ర: మీ వ్యాసంలో టేపులు పోస్టులో పంపుకోవడం గురించి చదివి ఇది రాస్తున్నాను. మా నాన్నగారు 1986లో మస్కట్ నుంచి మా అమ్మకి పంపిన క్యాసెట్ ఒకటుంది. నాన్నగారు పోయి తొమ్మిదేళ్లయింది. క్యాసెట్ అమలాపురంలో అమ్మ బీరువాలో ఉంది, నేను టెక్సస్‌లో. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా? ఇక్కడ ఆన్‌లైన్‌లో యూఎస్‌బీ ప్లేయర్లు చవగ్గా దొరుకుతున్నాయి. (డాలస్)

జ: అమ్మా, ఆ చవక ప్లేయర్లు కొనొద్దు. టేపు ఒకే వేగంతో నడవదు, గొంతు వణుకుతుంది. మీ నాన్నగారి గొంతు అలా వినకూడదు. మంచి పాత డెక్కు ఎవరి దగ్గరైనా అరువు తీసుకోండి.

ముందు క్యాసెట్ చూసుకోవాలి. పైఅంచున రెండు చివర్లా చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. విరగ్గొట్టి లేకపోతే ఇప్పుడే విరగ్గొట్టమని అమ్మగారికి చెప్పండి. అవి ఉంటే పొరపాటున రికార్డు బటన్ నొక్కుకుపోయి, ఉన్నది చెరిగిపోవచ్చు. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే డెక్కులో అసలు పెట్టొద్దు, తెలిసినవాళ్లకు చూపించాలి. మధ్యలో టేపు వెనక చిన్న స్పాంజి ముక్క ఉంటుంది, అది ఊడిపోయి ఉంటే మాట మసకబారుతుంది. పాడైన వేరే క్యాసెట్ నుంచి తీసి అతికించవచ్చు. డెక్కు హెడ్డునీ రబ్బరు రోలర్‌నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవాలి. ఏళ్ల తరబడి కదలని టేపు చుట్టలు అంటుకుని ఉంటాయి. ఆరు పలకలున్న పెన్సిలు దూర్చి నెమ్మదిగా నాలుగు చుట్లు తిప్పి, వదులైందనుకున్నాకే ప్లే నొక్కాలి.

ఎక్కించేటప్పుడు వేవ్ ఫైలుగా ఎక్కించండి, ఎంపీ3 తరువాత చేసుకోవచ్చు. నాయిస్ తీసేసే సాఫ్ట్‌వేర్ల జోలికి వెంటనే పోకండి, ముందు ఉన్నది ఉన్నట్టు ఒక కాపీ దాచండి. వెనకాల హోరు వినిపిస్తే అది మస్కట్‌లో ఆ గది ఏసీ కావచ్చు. అది కూడా మీ నాన్నగారు ఉన్న చోటే కదా.

‘బి’ వైపు ఖాళీ అని అమ్మగారన్నా నమ్మకండి, చివరిదాకా తిప్పండి. ఆ రోజుల్లో పాటల క్యాసెట్ మీదే మాటలు రికార్డు చేసేవాళ్లు. మాట అయిపోయాక సగంలోంచి సినిమా పాట వస్తుంది, అదీ అయ్యాక ఒక్కోసారి మళ్లీ మాట వస్తుంది. ఒకాయన క్యాసెట్‌లో అన్నీ చెప్పేసి, దండాలు పెట్టి, పాట నడిచాక, ‘గేదె ఈనిందా? అది చెప్పలేదేం?’ అని ఒక్క ముక్క ఉంది. ఇంట్లోవాళ్లు మూడేళ్లు వినలేదు దాన్ని.

ఇంకో మాట. క్యాసెట్‌ను టెక్సస్‌కి తెప్పించుకుంటారో, అమలాపురంలోనే ఎక్కిస్తారో మీ ఇష్టం. ఇంత రాశాక నేను అనకూడదు గానీ, దాన్ని మాత్రం పోస్టులో పంపించమనకండి. మీ వైపు వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే చేతికిచ్చి పంపమనండి. సూట్‌కేసులో వద్దు, చేతిసంచిలో పెట్టుకోమనండి.